గాలి సంచిలో నీళ్లు

మార్కాపురంలో డైవర్‌కు ఏం పని అని నన్ను అడగని మనిషి లేడు. సముద్రం చూడాలంటే ఒంగోలు దాటిపోవాలి. చుట్టూ ట్యాంకర్ కోసం బిందెలు వరుసపెట్టే ఊళ్లు. అలాంటి చోట నీళ్ల అడుగున పని చేసి బతికానంటే ఎవరికైనా నవ్వొస్తుంది. మా బంధువు ఒకాయన ఒక పెళ్లి భోజనాల్లో పదిమందీ వింటుండగా అడిగాడు: "కోమటింట్ల పుట్టి నువ్వు నీళ్లల్ల మునిగేదేంది నాయనా? మీ నాయన దుకాణం మునగకుండ చూసుకుంటే సాలదా?"

ఆయనకు అప్పుడు చెప్పలేదు గానీ, జవాబు ఇదీ. మా వైపు నీళ్లు తక్కువే. కానీ ఉన్న నీళ్లు లోతు. దేశంలో బడికి పోయే పిల్లలందరి చేతుల్లో ఒకప్పుడు మా ఊరి పలకలే ఉండేవి. ఆ రాయి తవ్విన క్వారీలు పలకలకు గిరాకీ పోయాక వదిలేశారు. వాటిలో వానలకు నీళ్లు నిండాయి. నిలువు గోడలు, పైన పచ్చగా, కింద నల్లగా. ఇవి కాక చేలల్లో పాత దిగుడుబావులు, చెరువుల తూములు. వీటన్నిట్లో మోటార్లు పడతాయి, పైపులు పడతాయి, తూము తలుపులు బిగుసుకుంటాయి, మనుషులూ పడతారు. మనుషుల సంగతి ఇక్కడ ఎక్కువ రాయను. ఒక్క మాట చెప్తాను. గట్టు మీద ఆ ఇంటివాళ్లు నిలబడి ఉన్నప్పుడు మీ సామాను సర్దుకుంటూ నవ్వుకోవద్దు, ఫోన్ మాట్లాడొద్దు. ఈ పనిలో మొదట నేర్చుకోవాల్సింది అదే, ఎవరూ నేర్పరు.

ఇప్పుడు మన జిల్లాలో కూడా కొంతమంది డైవింగ్ కోర్సులు చేసి ఈ పనిలోకి వస్తున్నారు. సర్టిఫికెట్లు ఉన్నాయి, సామాను నేను కొన్నదానికంటే మంచిది. వాళ్ల కోసమే ఈ నాలుగు పేజీలు. నేను ఏమేం తీశానో జాబితా రాస్తే మీకు పనికిరాదు. నేను చేసిన ఒక తప్పు, నన్ను బతికించిన ఒక మనిషి, ఈ రెండూ పనికొస్తాయి.

చీఫ్ మాట

నేను ఇంటర్ తప్పి, నాయన ముఖం చూడలేక నౌకాదళంలో చేరినవాణ్ణి. అక్కడ డైవింగ్‌లో వేశారు. మాకు నేర్పిన చీఫ్ పొట్టిగా, బట్టతలతో, ఎప్పుడూ కోపంగా ఉండేవాడు. చాలామంది ఆయన్ను తిట్టుకునేవాళ్లు, నేనూ తిట్టుకున్నాను. కానీ ఈ వయసులో వెనక్కి చూస్తే, నేను కలిసిన అయిదారుగురు గొప్ప పనివాళ్లలో ఆయన ఒకడు. ప్రతి డైవ్ తర్వాతా పైకొచ్చినవాణ్ణి కూర్చోబెట్టి కింద ఏం జరిగిందో చెప్పమనేవాడు. చెప్పింది విని, "ఇప్పుడు నువ్వు దాచింది చెప్పు" అనేవాడు. పైకొచ్చిన డైవర్ తన పరువు కాపాడుకుంటూ మాట్లాడతాడనీ, ఆ పరువే వాడి తర్వాతి డైవ్‌లో ప్రాణం తీస్తుందనీ ఆయన నమ్మకం. ఆ మాట నేను బాగా గుర్తుపెట్టుకున్నాను. పాటించాల్సిన రోజున మాత్రం పాటించలేదు.

అక్కడ నా రోజుల్లో మేం బరువుగా దిగేవాళ్లం. నడుముకు సీసం ఎక్కువే కట్టుకుని, అడుగున కాళ్లు ఆనించి, కదలకుండా పని చేసేవాళ్లం. పైకి రావాలంటే తాడు లాగితే చాలు, పడవలో ఉన్నవాళ్లు గుంజేవాళ్లు. గాలి సంచితో తేలడం మునగడం మాకు అలవాటు లేదు. సర్వీసు అయిపోయి ఊరికొచ్చాక రెండు డైవింగ్ సెట్లు పాతవి కొన్నాను. వాటితోపాటే వింగులు వచ్చాయి. ఇన్నేళ్లు సముద్రంలో పని చేసినవాడికి ఈ రబ్బరు సంచి ఒక లెక్కా అనుకున్నాను. దానితోపాటు వచ్చిన చిన్న పుస్తకం ఒకసారి తిరగేసి అటక మీద పడేశాను.

సంచి సంగతి

తెలియని వాళ్ల కోసం చెప్తాను. వింగ్ అంటే డైవర్ వీపుకూ సిలిండర్‌కూ మధ్య ఉండే గాలి సంచి. అందులోకి కాస్త గాలి నింపితే మనిషి తేలికవుతాడు, గాలి తీసేస్తే మునుగుతాడు. ఎడమ భుజం మీదుగా ముందుకు ఒక మడతల గొట్టం వస్తుంది. దాని చివర రెండు మీటలు. ఒకటి నొక్కితే సిలిండర్ గాలి సంచిలోకి పోతుంది. గొట్టం పైకెత్తి రెండోది నొక్కితే సంచిలో గాలి బయటికి పోతుంది. ఇది కాక నడుం కింద, వెనక వైపు, దారం కట్టిన ఇంకో వాల్వ్ ఉంటుంది. దారం లాగితే తెరుచుకుంటుంది, వదిలితే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది.

సంచిలో గాలి బయటికి వదిలిన ప్రతిసారీ మీట కాస్త ఎక్కువసేపు నొక్కితే, పోయిన గాలి వెనకే ఒక గుక్క నీళ్లు లోపలికి వస్తాయి. వాల్వ్ సరిగా మూసుకోకపోయినా వస్తాయి. గుక్కెడు నీళ్లతో ఏమీ కాదు. పైకొచ్చాక సంచి వంచి పారబోస్తే సరిపోతుంది. నేనూ అంతే చేసేవాణ్ణి.

నీటిలో ఉన్నంతసేపు సంచిలోని నీళ్లు బరువు తూగవు. అందుకే వాటిని ఎవరూ పట్టించుకోరు. కానీ అవి గాలి ఉండాల్సిన చోటును తినేస్తాయి. సంచి సగం నీళ్లతో నిండితే మీకు మిగిలింది సగం సంచే. మీకు గాలి బాగా కావాల్సిన ఘడియ వచ్చేదాకా ఆ సంగతి తెలియదు. తెలిసేసరికి మీరు అడుగున ఉంటారు.

ఓబులేసు

ఓబులేసుది కొమరోలు దగ్గర పల్లె. నాకంటే ఏడెనిమిదేళ్లు చిన్న. మా వైపు గజ ఈతగాడని అంటారే, ఆ మాటకు సరిపోయే మనిషి నేను చూసినవాళ్లలో ఇతనొక్కడే. బావిలో మోటార్ పడితే ముక్కు మూసుకుని ఊపిరి బిగబట్టి దిగి, తాడు కట్టి వచ్చేవాడు. నేను సిలిండర్లు వేసుకుని పెద్దారవీడు దగ్గర ఒక బావిలో పని ఒప్పుకుంటే, అదే పనికి అతన్నీ పిలిచారు. నేను సామాను తొడుక్కుని, బిగించుకుని, మాస్క్ అద్దం తుడుచుకునేలోపు అతను దిగి తాడు కట్టి వచ్చేశాడు. గట్టు మీద తల తుడుచుకుంటూ, "నువ్వు తయారైనావా అన్నా? ఏమనుకోవద్దు, పని ఐపాయె" అన్నాడు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆ రోజే నాతో చేరమని అడిగాను.

చేరాడు గానీ, అతన్ని నేను హెల్పర్ అనే పిలిచాను. అందరికీ అట్లే చెప్పాను. నేను నౌకాదళంలో నేర్చినవాణ్ణి, అతను బావుల్లో నేర్చినవాడు. రెండో సెట్ అతనికి ఇచ్చి, నోట్లో పెట్టుకునే రెగ్యులేటర్‌తో ఊపిరి తీయడం, లోతుకు పోయేకొద్దీ ఒత్తిడికి చెవులు సర్దుకోవడం నేర్పాను. వారం తిరక్కముందే నాకంటే తక్కువ గాలితో ఎక్కువసేపు ఉండేవాడు. అయినా నేనొక గీత గీశాను. నేను పిలిస్తే తప్ప ఇరవై అడుగుల కిందికి రావొద్దు. ఎందుకని అతను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగి ఉంటే నా దగ్గర సరైన జవాబు ఉండేది కాదు.

అతని చేలో బావి దగ్గర ఒకరోజు సాధన చేస్తున్నాం. మధ్యాహ్నం నేను వేపచెట్టు కింద నడుం వాల్చి లేచేసరికి, అతను తన వింగ్ ఊడదీసి, అందులో సగం నీళ్లు, సగం గాలి నింపి, అటు తిప్పుతా ఇటు తిప్పుతా కూర్చుని ఉన్నాడు. ఒకసారి గొట్టం పైకి పెట్టి మీట నొక్కుతాడు, ఒకసారి కిందికి పెట్టి నొక్కుతాడు. బోర్లా వేస్తాడు, నిలబెడతాడు. బొమ్మ దొరికిన పిల్లవాడిలా మునిగిపోయి ఉన్నాడు.

"ఏం చేస్తున్నావు?" అన్నాను.

"ఇది మా నాయన తోలిన కపిల బానే గదన్నా!" అన్నాడు.

కపిల అంటే, మోటార్లు రాకముందు ఎద్దులతో బావి నీళ్లు తోడే తోలు బాన. దానికి కింద ఒక తొండం ఉంటుంది. తొండానికి కట్టిన సన్న తాడు లాగి దాన్ని పైకి పట్టుకున్నంతసేపూ నీళ్లు బానలోనే ఉంటాయి. గట్టు మీదికొచ్చాక ఆ తాడు వదులు చేస్తే తొండం కిందికి జారి, నీళ్లన్నీ కాలువలోకి పోతాయి. ఓబులేసు చిన్నప్పుడు వాళ్ల నాయన పక్కన కూర్చుని అది చూసినవాడే.

"నీళ్లు యాపొద్దూ కిందికే, గాలి యాపొద్దూ పైకే. మనం ఎట్ల తిరిగినా అవి తిరగవు" అన్నాడు. "పైనుండే తొండం తెరిస్తే గాలి పోతాది. కిందుండే తొండం తెరిస్తే నీళ్లు పోతాయి. ఆ టయానికి ఏ తొండం కిందుండాదో చూసుకోవాల, అంతే. ఇంకోటి, లోపల రవ్వంత గాలి ఉండాల. గాలి ఒత్తితేనే గదా నీళ్లు పొయ్యేది? అడుగునుంటే కూడా తీయొచ్చన్నా, పైకి వచ్చే పన్లే."

"ఇంత చదువు ఎందుకయ్యా దీనికి? పైకొచ్చినాక వంచితే పోతాయి" అన్నాను.

"పైకొస్తే గదా" అన్నాడు. ఎత్తిపొడుపుగా అనలేదు, మామూలుగానే అన్నాడు. నేను మళ్లీ కళ్లు మూసుకున్నాను.

ఆ మధ్యాహ్నం అతను కనుక్కున్నది నా అటక మీది పుస్తకంలో మూడో పేజీలో ఉంది. చాలా ఏళ్ల తర్వాత తీసి చూశాను. అందులో బొమ్మలతో సహా ఉన్నదాన్ని, చదవనక్కరలేకుండా, ఒక పూటలో తన చేతులతో తెలుసుకున్నాడు. పనివాడంటే అలా ఉండాలని నా అభిప్రాయం.

కడిగే నీళ్లు

ఇక నా తప్పు. దీన్ని మా ప్రాంతం వాళ్లే చేయగలరు.

డైవ్ అయ్యాక సామానంతా మంచినీళ్లతో కడగాలి. నౌకాదళంలో నేర్పిన మొదటి నియమం అది, ఉప్పునీళ్లు సామాను తినేస్తాయి కాబట్టి. నేను ఊరికొచ్చాక కూడా ఆ నియమం ఒక్కరోజు తప్పలేదు. బోరు కింద తొట్టి పెట్టి, వింగులోకి పైపు దూర్చి, లోపలా బయటా శుభ్రంగా కడిగి ఆరబెట్టేవాణ్ణి. ఎంత క్రమశిక్షణో అని నాకు నేనే మురిసిపోయేవాణ్ణి.

మా బోరు నీళ్లెలాంటివో నాకు తెలియదా? బిందె అడుగున తెల్లటి పొర కట్టే నీళ్లు. తాగితే పళ్లు గారలెక్కే నీళ్లు, బట్టలు ఉతికితే సబ్బు నురగ రాని నీళ్లు. ఆ నీళ్లను మేం తాగం. ఇంట్లో తాగడానికి క్యాన్ నీళ్లు. కానీ వాల్వ్ కూడా ఒక నోరే అని నాకు తట్టలేదు. కడిగిన ప్రతిసారీ, ఆరిన ప్రతిసారీ, దాని అంచు మీద ఒక సన్నటి సున్నపు పొర మిగిలేది. ఉప్పు నుంచి కాపాడాలని సున్నం పట్టించాను.

ఓబులేసు మాత్రం తన సెట్‌ను క్యాన్ నీళ్లతో కడిగేవాడు. మా ఇంట్లో అలా కడుగుతుంటే నా భార్య సుగుణ చూసి అతన్ని ఏమీ అనలేక నా మీద పడింది. "తాగను నీళ్లు లేక మనం క్యాన్ కోసం ఎదురు చూస్తా ఉంటే, రబ్బరు సంచికి స్నానాలు పోయిస్తారా?"

నేను వెళ్లి ఓబులేసును కోప్పడ్డాను. అతను చిన్నబుచ్చుకున్నాడు గానీ చెప్పాల్సింది చెప్పాడు. "ఊపిరి మోసే సంచి గదన్నా. మనం తాగే నీళ్లతోనే కడగాల అనిపిచ్చె." ఆ తర్వాత తన సెట్ తనింటికే తీసుకుపోయి కడుక్కునేవాడు. నేను అడగలేదు, అతను చెప్పలేదు.

ఆ క్వారీ

కొనకనమిట్ల దారిలో ఒక పాత పలకల క్వారీ. దానికి ఆనుకుని కొందరు రైతులకు బత్తాయి తోటలున్నాయి. వానలు మొహం చాటేసి బోర్లు ఎండిపోతే, అందరూ కలిసి ఒక పెద్ద మోటార్ తెచ్చి, డ్రమ్ముల తెప్ప మీద కట్టి, క్వారీ నీళ్లు తోడుకుంటున్నారు. ఎండలు ముదిరాక ఒకరోజు తెప్ప ఒరిగి మోటార్ అడుగుకు పోయింది. చెట్లు కాపు మీదున్నాయి. వాళ్లలో పెద్ద కాశిరెడ్డి. మా ఇంటికొచ్చి కుర్చీలో కూడా సరిగా కూర్చోకుండా, "పదేండ్ల చెట్లన్నా. పది దినాలు తడవకపోతే ఎండిపోతాయి. మళ్ల పెట్టుకోను నాకు వయసు లేదు" అన్నాడు.

మర్నాడు పొద్దున్నే పోయాం. డెబ్బై అడుగుల లోతు. గట్టు మీద జేసీబీ నిలబెట్టి, దాని చేతికి ఇనప వైరు తాడు కట్టి, కొక్కెం నీళ్లలోకి వదిలారు. నేను దిగి మోటార్‌కు చైన్ చుట్టి కొక్కేనికి తగిలించాలి. తగిలించాక పైకొచ్చి చెప్తే వాళ్లు ఎత్తుతారు. ఓబులేసు తన సెట్ వేసుకుని ఇరవై అడుగుల దగ్గర ఉన్న రాతి మెట్టు మీద ఆగాలి.

నడుముకు మామూలుకంటే ఎక్కువ సీసం కట్టుకున్నాను, అడుగున నిలకడగా ఉండాలని. పాత అలవాటు. కానీ ఈసారి నన్ను గుంజే తాడు లేదు. పలక అంచులు కత్తుల్లా ఉండి తాళ్లను కోసేస్తాయని నేనే వద్దన్నాను. తాడుకు బదులు వింగ్ ఉంది కదా అనుకున్నాను.

దిగడం బాగానే జరిగింది. మోటార్ పక్కకు ఒరిగి పలక పొడిలో సగం కూరుకుపోయి ఉంది. దాని కింద చైన్ దూర్చాలంటే తల కిందికి, కాళ్లు పైకి పెట్టుకోవాలి. అలా కొన్ని నిమిషాలు పని చేశాను. అప్పుడు నడుం దగ్గర వాల్వ్ సంచి మొత్తానికీ పైన ఉంది. అది సరిగా మూసుకోవడం లేదు. సంచిలో గాలంతా అందులోంచి బుడగలుగా పోతోంది, దాని చోట్లోకి నీళ్లు వస్తున్నాయి. పనిలో పడి నేను చూడలేదు.

చైన్ చుట్టాను, కొక్కెం తగిలింది. నిలబడి పైకి లేద్దామని మీట నొక్కాను. లేవలేదు. ఇంకాస్త నొక్కాను. కాళ్లతో తన్నాను. పలక పొడి లేచి నా చుట్టూ నల్లటి మబ్బు కమ్మింది, చేతిలో దీపం కూడా కనపడలేదు. వైరు తాడు చేతికందే దూరంలోనే ఉండి ఉంటుంది, నేను వెతికిన వైపు లేదు. వీపు మీద నీళ్లు అటూ ఇటూ పొర్లడం తెలిసింది. సంచిలో నీళ్లున్నాయని అర్థమైంది. అప్పుడు నేనేం చేశానో రాయడానికి సిగ్గుగా ఉంది. గొట్టం తల పైకెత్తి గాలి వదిలే మీట నొక్కాను, నీళ్లు పోతాయని.

పైనుండే తొండం తెరిస్తే ఏం పోతుంది? ఉన్న కాస్త గాలి పోయింది. ఇంకా బరువయ్యాను. మళ్లీ గాలి నింపాను, మళ్లీ కంగారులో ముందుకు వాలి తన్నాను, మళ్లీ వాల్వ్ పైకొచ్చింది, మళ్లీ గాలి పోయింది. సిలిండర్‌లో గాలి కరిగిపోతోంది. ఊపిరి కుక్కలా తీస్తున్నాను. సీసం బెల్టు విప్పేయొచ్చు కదా అని మీరు అడుగుతారు. విప్పొచ్చు. నాకు గుర్తు రాలేదు. అన్నేళ్ల సర్వీసు, అంత శిక్షణ, ఒక్క బెల్టు గుర్తు రాలేదు. భయమంటే అది. నేను భయపడ్డాను, చచ్చిపోతాననుకున్నాను, సుగుణ కళ్లముందు కనపడింది.

మెట్టు మీద ఓబులేసు నా బుడగలు చూస్తున్నాడు. తర్వాత నాతో చెప్పాడు, బుడగలు మామూలుగా విడివిడిగా వస్తాయట, ఆ రోజు అన్నం ఎసరులా ఎడతెరిపి లేకుండా వచ్చాయట. నేను పిలవలేదు. అతను నా గీత దాటి దిగాడు.

మబ్బులో ఒక చేయి నా భుజం పట్టీ పట్టుకుంది. ఆ పట్టు ఇప్పటికీ గుర్తుంది, గట్టిగా ఉంది గానీ తొందర లేదు. ముందు నన్ను నిటారుగా నిలబెట్టాడు. తన్నుతున్న నా కాళ్లను తన మోకాళ్లతో అదిమాడు. పైకెత్తి పట్టుకున్న గొట్టాన్ని నా చేతిలోంచి ఊడబెరికి కిందికి దించాడు. సంచిలోకి రెండుసార్లు చిన్నగా గాలి కొట్టాడు. తర్వాత చేయి నా నడుం వెనక్కి పోనిచ్చి, కింది వాల్వ్ దారం లాగి పట్టుకున్నాడు.

నీళ్లు పోయేటప్పుడు చప్పుడుండదు. వీపు మీద పొర్లాట తగ్గుతున్నట్టు తెలిసిందంతే. తర్వాత బుడబుడమని ఒక్క చప్పుడు, అంటే ఇక గాలి పోతోందని. ఆ చప్పుడుకే దారం వదిలేశాడు. మళ్లీ కాస్త గాలి, మళ్లీ దారం, మళ్లీ చప్పుడు. మూడోసారి లాగగానే బుడగ వచ్చింది, నీళ్లు లేవు. అప్పుడు ఆ వాల్వ్ మీద తన అరచెయ్యి అదిమిపెట్టి, నన్ను నిటారుగానే పట్టుకుని, గొట్టం తల తన చేతిలోనే ఉంచుకుని, మెల్లగా పైకి తీసుకొచ్చాడు. మెట్టు దగ్గర ఆపాడు. లోతులో రక్తంలో చేరిన గాలి మెల్లగా బయటికి పోవాలంటే అక్కడ మూడు నిమిషాలు ఆగాలని నేనే నేర్పాను. నాకు తొందరగా వెలుగులోకి పోవాలని ఉంది. అతను పోనివ్వలేదు. వేళ్లు మడిచి లెక్కపెడుతూ నా కళ్లలోకి చూస్తూ ఉన్నాడు.

గట్టు మీద

పైకి రాగానే కాశిరెడ్డి పరుగెత్తుకొచ్చాడు. "ఏందన్నా ఇంతసేపు? మా పానాలు పోయినాయి గదా!"

నేను నోరు తెరిచేలోపే ఓబులేసు అన్నాడు. "చైన్ తగులుకోలే రెడ్డా. అన్న తగిలిచ్చినాడు. ఎత్తుకోండి."

నన్ను కాపాడినవాడు నా పరువు కూడా కాపాడాడు. నేను కాదనలేదు. మోటార్ పైకొచ్చింది, సాయంత్రానికి తోటల్లో నీళ్లు పారాయి. రైతులంతా కలిసి క్వారీ గట్టు మీదే నాకు శాలువా కప్పారు. ఓబులేసు పక్కన కూర్చుని వైరు తాడు చుట్టలు చుడుతున్నాడు. చీఫ్ ఉండి ఉంటే, ఇప్పుడు నువ్వు దాచింది చెప్పు అనేవాడు. నేను శాలువా సర్దుకున్నాను.

రెండు రోజులకు ఓబులేసు మా ఇంటికి వచ్చాడు. నా వింగ్ తెమ్మని, వాకిట్లో కూర్చుని, వాల్వ్ మూత మెల్లగా విప్పాడు. వేలి గోటితో అంచు గీరి, అరచేతిలో చూపించాడు. గోరులో సగం ఉన్న తెల్లటి పెచ్చు.

"ఇంత సున్నమన్నా. ఇంతే" అన్నాడు.

సుగుణ గడపలో నిలబడి ఉంది. "ఏందది?" అంది. ఓబులేసు నా వైపు చూశాడు. అక్కడ మాత్రం అతను నా బదులు మాట్లాడలేదు. నేను చెప్పాను. అడుగున ఏం జరిగిందో, గొట్టం ఎలా పైకెత్తానో, ఎవరు వచ్చారో, మొత్తం చెప్పాను. ఆమె లోపలికి వెళ్లి, అప్పుడే వచ్చిన క్యాన్‌ను రెండు చేతులా దొర్లించుకుంటూ వాకిట్లోకి తెచ్చి, మూత తీసి, మా ముందు పెట్టింది. "కడగండి. సాలకపోతే ఇంకోటి తెప్పిస్తా" అంది. అప్పుడు ఏడ్చింది.

మీకు

చేయాల్సింది చెప్తాను. సామాను తాగే నీళ్లతో కడగండి. వాల్వులు విప్పి వేలితో తడిమి చూడండి, కంటితో చాలదు. దిగేముందు వింగ్ నిండా గాలి కొట్టి, నీళ్లలో ముంచి బుడగలు చూడండి. మునిగాక వీపు మీద నీళ్లు పొర్లినట్టు తెలిస్తే పని ఆపండి. నిటారుగా నిలబడండి, కాస్త గాలి కొట్టండి, కింది వాల్వ్ దారం లాగండి, చప్పుడు రాగానే వదలండి. ఆ వాల్వ్ పని చేయకపోతే తలకిందులై, గొట్టం నోరు అన్నిటికన్నా కిందుండేట్టు పట్టుకుని నొక్కండి, నీళ్లు అటు పోతాయి. ఇది లోతు తక్కువ చోట పదిసార్లు చేసి చూడండి. నా దగ్గర పుస్తకముండీ నేను చేయలేదు.

ఇంకో మాట. మీ పక్కనున్నవాడు మీకంటే పైకి పోకుండా మీరు గీసిన గీత ఏదైనా ఉంటే, అది ఎందుకు గీశారో మీకు మీరు చెప్పుకోండి. జవాబు రాకపోతే చెరిపేయండి.

మరుసటి ఏడాది అదే క్వారీలో పైపు పని పడింది. కాశిరెడ్డి మనుషులంతా ఉన్నారు. నేను ఆ శాలువా సంచిలో పెట్టుకుని పోయాను. సామాను దించకముందే అందర్నీ పిలిచి, పోయినేడు ఇక్కడ జరిగింది మీకు తెలియదని మొదలుపెట్టి, ఏదీ దాచకుండా చెప్పాను. హెల్పర్ అన్నది నా అబద్ధమనీ, ఈ రోజు దిగేది అతనే, పైనుండేది నేననీ చెప్పాను. శాలువా తీసి ఓబులేసు భుజాల మీద కప్పాను.

కాశిరెడ్డి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. ఓబులేసుకు ఎక్కడ చూడాలో తెలియక శాలువా అంచు చేతికి చుట్టుకుంటున్నాడు. చివరికి నా దగ్గరికి వచ్చి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు.

"నేను తీసింది నీళ్లే గదన్నా. పైకొచ్చింది నువ్వే."

తర్వాత శాలువా మడిచి నా చేతికిచ్చి, గొట్టం కిందికి వంచి చూసుకుని, నీళ్లలోకి దిగాడు. నేను గట్టు మీద కూర్చుని అతని బుడగలు చూస్తూ ఉన్నాను.